పర్వతాలలో మిగిలిన సముద్రభూతలం: ఆఫియోలైట్ భావన చరిత్ర, నెల్లూరు సాక్ష్యం

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు.

• ఆఫియోలైట్ అంటే ఏమిటో, ఆ పదానికి అర్థం కాలక్రమంలో ఎలా మారిందో వివరించగలుగుతారు.
• సైప్రస్‌లోని ట్రూడోస్ పర్వతం ఈ చరిత్రలో ఎందుకు ముఖ్యమైనదో చెప్పగలుగుతారు.
• 1972 నాటి నిర్వచనాన్ని, దానిపై వచ్చిన వివాదాన్ని చర్చించగలుగుతారు.
• నెల్లూరు ప్రాంతంలోని కండ్ర, ప్రకాశం ప్రాంతంలోని కనిగిరి శిలల ప్రాధాన్యాన్ని అంచనా వేయగలుగుతారు.

14.1 పరిచయం

చరిత్ర విద్యార్థులుగా మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు ఆధారాలుగా పరిచయమే. ఆధారం ఎక్కడ నశించిందో అక్కడ చరిత్ర రాయడం కష్టమని కూడా మీకు తెలుసు. భూమి చరిత్రలో ఇటువంటి కష్టం సముద్రాల విషయంలో అందరికంటే ఎక్కువగా ఎదురవుతుంది. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. కాని నేటి మహాసముద్రాల అడుగున విస్తారంగా పరుచుకొని ఉన్న శిలల్లో సుమారు 18–20 కోట్ల సంవత్సరాలకు మించిన వయస్సు గలవి దాదాపు లేవు. సముద్రభూతలం మధ్య రిడ్జ్‌ల వద్ద పుడుతుంది, అగాధాల వద్ద కిందికి జారి భూగర్భంలో కలిసిపోతుంది. తన పాత పుటలను తానే చించివేసుకునే పుస్తకం వంటిది సముద్రం.

అలా అయితే 100 కోట్ల ఏళ్ల క్రితం, 200 కోట్ల ఏళ్ల క్రితం సముద్రాలు ఎక్కడ ఉండేవో మనకు ఎలా తెలుస్తుంది? చిరిగిన పుటల్లో కొన్ని ముక్కలు ఖండాల అంచుల మీదికి ఎక్కి, పర్వత శ్రేణుల మడతల్లో చిక్కుకొని మిగిలాయి. ఆ ముక్కలనే ఆఫియోలైట్‌లు అంటారు. అందులో సముద్రపు అడుగున ఉండే లావాలే కాక, వాటి కింద ఉండే ప్రావారపు శిలలు కూడా ఉండవచ్చు.

ఈ పాఠాన్ని నేను రాస్తున్నది మెదక్ జిల్లా నిజాంపేటలో. మెదక్ ప్రాంతంలో అత్యధిక భాగం గ్రానైట్, నీస్ శిలలే. ఇవి ఖండపు శిలలు. వాటి సాంద్రత నీటికి సుమారు 2.7 రెట్లు. ప్రావారపు శిల సాంద్రత సుమారు 3.3 రెట్లు. అందుకే ఖండాలు ప్రావారం మీద తేలి ఉంటాయి, సులభంగా మునిగిపోవు. ఈ ప్రాంతపు గ్రానైట్ 250 కోట్ల ఏళ్లుగా నిలిచి ఉండడానికి కారణం ఇదే. సముద్రభూతలానికి ఆ అదృష్టం లేదు. కనుక అది నేలమీద మిగలడం అపురూపం. మిగిలిందని ఎవరైనా అంటే నిరూపించవలసిన భారం కూడా ఎక్కువే.

14.2 పేరు ముందు, అర్థం తరువాత (1813–1927)

పెరిడోటైట్ అనే ప్రావారపు శిలలో ఆలివిన్, పైరాక్సీన్ ఖనిజాలు ప్రధానం. ఈ శిలలోకి నీరు ప్రవేశిస్తే ఆలివిన్ మారిపోయి సర్పెంటైన్ అనే ఆకుపచ్చ ఖనిజం ఏర్పడుతుంది. శిల ఉబ్బుతుంది, సాంద్రత తగ్గుతుంది, నునుపుగా, జారుడుగా తయారవుతుంది. దాని మీది చారలు, మచ్చలు పాము చర్మాన్ని గుర్తుకు తెస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త అలెగ్జాండర్ బ్రోన్యార్ 1813లో ఇటువంటి శిలకు ఆఫియోలైట్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘ఓఫిస్’ అంటే పాము, ‘లిథోస్’ అంటే రాయి. ఆయన 1821లో ఆ పేరును ఒక్క శిలకు పరిమితం చేయక, దానితో కలిసి కనిపించే ఇతర శిలలకు కూడా వర్తింపజేశాడు.

20వ శతాబ్దం మొదట్లో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ స్టైన్‌మన్ ఆల్ప్స్ పర్వతాల్లో ఒక ముఖ్యమైన విషయాన్ని గమనించాడు. సర్పెంటైన్ శిల, బసాల్ట్ జాతి లావా, రేడియోలేరియన్ చెర్ట్ అనే మూడు మళ్లీ మళ్లీ ఒకేచోట కనిపిస్తున్నాయి. రేడియోలేరియా అంటే సముద్రంలో జీవించే సూక్ష్మజీవులు. వాటి సిలికా గుల్లలు లోతైన సముద్రపు అడుగున పేరుకొని చెర్ట్ శిల అవుతుంది. అంటే ఆ మూడింటి కలయికకు లోతైన సముద్రంతో సంబంధం ఉంది. తరువాతి వారు దీనిని ‘స్టైన్‌మన్ త్రయం’ అన్నారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. స్టైన్‌మన్ చేతిలో ఆధారం ఉంది. కాని సముద్రం తెరుచుకుంటుంది, మూసుకుపోతుంది అనే భావన అప్పటికి శాస్త్రలోకంలో నిలదొక్కుకోలేదు. వెగెనర్ ఖండచలన వాదాన్ని 1912లో ప్రతిపాదించినా చాలామంది దానిని ఒప్పుకోలేదు. అందువల్ల ఆ శిలలు సముద్రపు అడుగున ఉన్న అవక్షేపాల్లోకి కింది నుంచి చొచ్చుకువచ్చిన శిలాద్రవం గడ్డకట్టినవే అని భావించారు.

14.3 ద్రవమా, ఘనమా? బోవెన్, హెస్ వాదం

ఈ అభిప్రాయానికి క్షేత్రంలోనే ఒక చిక్కు ఎదురైంది. పెరిడోటైట్ కరగాలంటే అతి హెచ్చు ఉష్ణోగ్రత కావాలి. అంత వేడి శిలాద్రవం పక్కనున్న శిలలను తాకితే అవి కాలి రూపాంతరం చెందాలి. చాలాచోట్ల ఆ కాలిన గుర్తులు లేవు. అమెరికన్ శాస్త్రవేత్త హారీ హెస్ 1930ల చివర దీనికి ఒక పరిష్కారం సూచించాడు. నీరు ఎక్కువగా కలిసిన శిలాద్రవం అయితే తక్కువ ఉష్ణోగ్రతలోనే ద్రవంగా ఉండగలదని ఆయన వాదన.

దీనిని ప్రయోగశాలలో పరీక్షించినవారు బోవెన్, టటిల్. 1949లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 1000 డిగ్రీల సెల్సియస్ లోపు అటువంటి శిలాద్రవం ఏర్పడదు. సర్పెంటైన్ అయితే సుమారు 500 డిగ్రీలు దాటితే నిలవనే నిలవదు. అంటే ఈ శిలలు ద్రవంగా కాక ఘనరూపంలోనే పైకి వచ్చాయి. ప్రావారపు ముక్క ప్రావారం నుంచి ఇంతదూరం ఘనంగానే ఎలా వచ్చింది? పాత ప్రశ్న తేలింది, దానికంటే పెద్ద ప్రశ్న మిగిలింది.

హెస్ 1962లో ప్రచురించిన వ్యాసం సముద్రభూతల విస్తరణ భావనకు పునాది వేసింది. 1963లో వైన్, మాథ్యూస్ సముద్రపు అడుగున కనిపించే అయస్కాంత చారలను ఆ భావనతో వివరించారు. సముద్రపు అడుగు కదులుతుందని ఒప్పుకున్న తరువాత, అది ఖండపు అంచును ఢీకొని, ఒక ముక్క పైకి ఎక్కడం కూడా ఊహకు అందింది. ఆ ప్రక్రియకు 1971లో కోల్మన్ ‘ఆబ్డక్షన్’ అనే పేరు వాడాడు.

ఆ రోజుల్లోనే సముద్రం నుంచి నేరుగా ప్రావారం దాకా బావి తవ్వాలన్న మోహోల్ ప్రయత్నం జరిగింది. 1961లో మెక్సికో తీరం దగ్గర సముద్రపు అడుగు నుంచి సుమారు 180 మీటర్లు తవ్వగలిగారు. 1966లో పథకం ఆగిపోయింది. సముద్రపు పటలం మందం సుమారు 7 కి.మీ. అన్నది గుర్తుంచుకుంటే, ఆ 180 మీటర్ల విలువ మీకే తెలుస్తుంది. పటలం పలచబడి ప్రావారపు శిలలు పైకి తేలిన అట్లాంటిక్‌లోని ఒక చోట 2023లో 1,268 మీటర్ల లోతు వరకు తవ్వి, ఆ శిలల నమూనాలు తీయగలిగారు. అంతవరకు, నిజానికి ఇప్పటికీ, సముద్రపు అడుగును పై నుంచి కింది వరకు నడిచి చూడగలిగే చోటు ఆఫియోలైట్ ఒక్కటే.

స్వయం ప్రగతి పరీక్ష – 1

అ) ఆఫియోలైట్ అనే పేరు పెట్టింది ఎవరు? ఎప్పుడు?
ఆ) స్టైన్‌మన్ త్రయంలోని మూడు శిలలు ఏవి?
ఇ) బోవెన్, టటిల్ ప్రయోగం ఏ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది?

14.4 ట్రూడోస్: డైకులు చెప్పిన సాక్ష్యం

మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపంలో ట్రూడోస్ పర్వతం ఉంది. ప్రాచీన కాలం నుంచి అక్కడ రాగి తవ్వేవారు. 1950లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఇయాన్ గాస్ సైప్రస్ భూగర్భ సర్వే శాఖలో పనిచేశాడు. అక్కడ కనిపించిన వింత ఏమిటంటే, కిలోమీటర్ల కొద్దీ డైకులే. డైకుకు ఆనుకొని డైకు, దానికి ఆనుకొని మరొక డైకు.

దీనిని అర్థం చేసుకోవడానికి మన ప్రాంతపు డైకులతో మొదలుపెడదాం. తెలంగాణ గ్రానైట్ గుట్టల మధ్య అక్కడక్కడా గోడలా సాగిపోయే నల్లరాయి చాళ్లను మీరు చూసే ఉంటారు. అవి డోలరైట్ డైకులు. గ్రానైట్‌లో ఏర్పడిన పగులులోకి శిలాద్రవం చేరి గడ్డకట్టింది. చల్లని గ్రానైట్‌ను తాకిన రెండు అంచులూ త్వరగా చల్లారాయి కనుక అక్కడ స్ఫటికాలు సన్నగా ఉంటాయి. నడుమ నెమ్మదిగా చల్లారింది కనుక స్ఫటికాలు పెద్దవి. డైకుకు అటూ ఇటూ గ్రానైటే ఉంటుంది.

ట్రూడోస్‌లో డైకుల మధ్య వేరే శిల దాదాపు లేదు. పైగా అనేక డైకులకు సన్నస్ఫటికాల అంచు ఒకవైపే ఉంది. రెండో అంచు ఏమైంది? ఒక డైకు పూర్తిగా చల్లారక ముందే దాని నడుమ నుంచి కొత్త డైకు చీల్చుకు వచ్చింది. పాతది రెండు సగాలై చెరొకవైపు జరిగింది. ఇది వేల సార్లు జరిగితే డైకులు తప్ప మరేమీ మిగలవు. నేల ఎడతెగకుండా రెండువైపులా విడిపోతున్న చోట, అంటే సముద్ర మధ్య రిడ్జ్ వద్ద, ఇది సహజం. ఒక్క పగులుతో సరిపెట్టుకునే ఖండపు నేలలో ఇది సాధ్యం కాదు.

గాస్ 1968లో ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసానికి శీర్షికగా ఒక ప్రశ్నను పెట్టాడు: సైప్రస్‌లోని ట్రూడోస్ ఒక ప్రాచీన సముద్రభూతలపు ముక్కేనా? 1971లో మూర్స్, వైన్ ఆ ప్రశ్నకు సవివరమైన సమాధానంతో ముందుకు వచ్చారు. దూరవిద్య విద్యార్థులైన మీకు ఆసక్తి కలిగించే విషయం మరొకటి. ఇదే గాస్ తరువాత బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో భూశాస్త్ర విభాగాన్ని ప్రారంభించిన ఆచార్యుడు.

14.5 1972 నిర్వచనం, 1973 సవాలు

1972 సెప్టెంబరులో జియలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా పెన్‌రోజ్ సమావేశంలో శాస్త్రవేత్తలు ఆఫియోలైట్‌కు ఒక నిర్వచనం ఇచ్చారు. పూర్తిగా ఏర్పడిన ఆఫియోలైట్‌లో కింది నుంచి పైకి ఈ వరుస ఉండాలి.

1. ప్రావారపు పెరిడోటైట్ శిలలు. ఇవి ఎంతో కొంత సర్పెంటైన్‌గా మారి ఉంటాయి.
2. గాబ్రో శిలలు. శిలాద్రవం లోతులో నెమ్మదిగా గడ్డకట్టగా ఏర్పడినవి.
3. పక్కపక్కనే నిలువుగా పేర్చినట్టున్న డైకుల సముదాయం.
4. దిండు లావాలు. నీటిలో వెలువడిన లావా దిండ్ల ఆకారంలో గడ్డకట్టగా ఏర్పడినవి.

వీటి మీద చెర్ట్ వంటి సముద్ర అవక్షేపాలు ఉండవచ్చు. ప్రావారపు శిలల్లో క్రోమైట్ ఖనిజం గుట్టలుగా ఉండవచ్చు. ఆ నిర్వచనంలోనే మరొక షరతు ఉంది. ఆఫియోలైట్ అన్నది ఒక రాయి పేరు కాదు, పటంలో ఒక రంగు వేసి చూపే శిలాఘటకం కూడా కాదు. అది ఒక శిలా సముదాయం పేరు. వరుసలో కొన్ని భాగాలు లేకపోయినా, విరిగి చెదిరినా, ఆ విషయం చెప్పి పేరు వాడవచ్చు.

నిర్వచనం వచ్చిన మరుసటి ఏడాదే జపాన్ శాస్త్రవేత్త మియాషిరో దానిని కుదిపివేశాడు. ట్రూడోస్ లావాల రసాయన గుణాలు సముద్ర మధ్య రిడ్జ్‌కు కాక, పలక కిందికి జారే చోట ఏర్పడే ద్వీపవక్రాలకు దగ్గరగా ఉన్నాయని 1973లో రాశాడు. ఆయనపై తీవ్రమైన విమర్శలు వచ్చాయి. కాని 1980లలో పియర్స్ తదితరుల పరిశోధనలతో ఆ వాదం బలపడింది. అగాధానికి ఎగువన, కిందికి జారుతున్న పలక మీద తెరుచుకునే సముద్రపు నేలే చాలా ఆఫియోలైట్‌లకు మూలమని నేడు ఎక్కువమంది భావిస్తున్నారు. సముద్రపు ముక్క అన్నది నిలిచింది. ఏ సముద్రం, సముద్రంలో ఏ చోటు అన్నది ప్రతిసారీ విడిగా తేల్చవలసిన విషయమైంది.

14.6 భారతదేశపు అంచులలో

1936లో స్విస్ శాస్త్రవేత్త ఆగస్టో గాన్సర్ యాత్రికుడి వేషంలో టిబెట్‌లో ప్రవేశించి కైలాస పర్వతం చుట్టూ ప్రదక్షిణ చేశాడు. ఆ పర్యటనలో కైలాసానికి దక్షిణాన ఆఫియోలైట్ శిలలను గుర్తించాడు. భారత ఖండం, ఆసియా ఖండం అతుక్కున్న కుట్టు ఆ శిలల గుండానే సాగుతుందని తరువాత స్పష్టమైంది. దానినే సింధు–సాంగ్పో సంధిరేఖ అంటాం. లద్దాఖ్‌లోని నిడార్, స్పోంగ్‌టాంగ్ ఆఫియోలైట్‌లు ఆ మూసుకుపోయిన సముద్రపు అవశేషాలే.

తూర్పున నాగా కొండలు, మణిపూర్ మీదుగా మరొక వరుస అండమాన్ దీవుల దాకా సాగుతుంది. ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన దక్షిణ అండమాన్‌లో చిడియా టాపు దగ్గర, రట్లాండ్ ద్వీపంలో ఈ శిలలను చూడవచ్చు. అక్కడి శిలల్లోని జిర్కాన్ ఖనిజం వయస్సు సుమారు 9.5 కోట్ల సంవత్సరాలు. భారత పలక ఆ దీవుల కిందికి నేటికీ జారుతూనే ఉంది. 2004 డిసెంబరు 26న మన కోస్తాను తాకిన సునామీకి కారణం ఆ పలకల సరిహద్దులో వచ్చిన భూకంపమే.

ఈ ఉదాహరణలన్నీ భూమి వయస్సుతో పోలిస్తే నిన్నటివి. పర్వతాలు ఇంకా ఎత్తుగా ఉన్నాయి. వందల కోట్ల ఏళ్ల క్రితం నిలిచిన పర్వతాలు అరిగిపోయి మైదానమైతే, అక్కడి సముద్రపు ముక్కను ఎలా గుర్తించాలి? ఈ ప్రశ్న మనల్ని నెల్లూరుకు తీసుకువస్తుంది.

14.7 నెల్లూరు: ప్రశ్నార్థకం నుంచి తేదీ వరకు

కడప శిలామండలానికి తూర్పున, వెలికొండలకు అవతల, ఉత్తర దక్షిణాలుగా సాగే శిలాపట్టీని నెల్లూరు షిస్ట్ పట్టీ అంటారు. గూడూరు అభ్రకం గనుల వల్ల ఈ ప్రాంతం ప్రసిద్ధం. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇక్కడి శిలలను పరిశీలించి 1880లో ఒక సమగ్ర నివేదిక ప్రచురించాడు. సింగరేణి బొగ్గు చరిత్రలో మీరు చదివే కింగ్ ఈయనే. ఆయన కాలంలో పలకల కదలిక అన్న భావనే లేదు. రాళ్లను చూసి, పేరు పెట్టి, పటంలో చేర్చడం ఆనాటి పని. ఆ పని లేకుండా తరువాతి ప్రశ్నలు పుట్టేవి కావు.

ఈ పట్టీ దక్షిణ భాగంలో కండ్ర అనే చోట బసాల్ట్ జాతి అగ్నిశిలలు ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. లీలానందం 1990లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వాటి గురించి ఒక చిన్న వ్యాసం రాశారు. కండ్ర అగ్నిశిలలు ఆఫియోలైట్ కావచ్చునా అన్నది దాని సారం. శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంది. గాస్ 1968లో వాడిన గుర్తే అది.

ఆ ప్రశ్నార్థకాన్ని వినయంగా మాత్రమే చూడకండి. అది పద్ధతి. కండ్ర ఆఫియోలైట్ అయితే, భారతదేశపు ఆగ్నేయ అంచున ఒకప్పుడు సముద్రం ఉండి మూసుకుపోయిందని ఒప్పుకోవాలి. కాకపోతే, ఖండం లోపల చీలికలో వెలువడిన లావాలే అని చెప్పవలసి వస్తుంది. ఒకే శిలాసమూహం నుంచి రెండు వేర్వేరు చరిత్రలు. ఏది నిజమో తేల్చడానికి మూడు రకాల ఆధారాలు కావాలి: వరుస, రసాయన గుణం, వయస్సు.

మొదటిది వరుస. గాబ్రోలు, పక్కపక్కన నిలిచిన డైకులు, దిండు లావాలతో కూడిన బసాల్ట్‌లు అక్కడ గుర్తించారు. రెండవది రసాయన గుణం. బసాల్ట్ ఎక్కడ పుట్టిందో దానిలోని అతిస్వల్ప మూలకాల నిష్పత్తులు సూచిస్తాయి. మూడవది వయస్సు. జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియంను లోనికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. యురేనియం-238లో సగభాగం సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. కనుక నేడు ఆ స్ఫటికంలో ఉన్న సీసాన్ని కొలిచి దాని వయస్సు లెక్కించవచ్చు.

2010లో కె. విజయకుమార్, డబ్ల్యూ. జి. ఎర్న్‌స్ట్, లీలానందం, వారి సహచరులు ‘టెక్టోనోఫిజిక్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. కండ్ర శిలల వయస్సు సుమారు 185 కోట్ల సంవత్సరాలు. గోండ్వానా ఖండభాగాల్లో ఇంత పాత ఆఫియోలైట్ గుర్తించడం ఇదే మొదలని వారు పేర్కొన్నారు. ప్రశ్న వేసిన వ్యక్తే 20 ఏళ్ల తరువాత, ఇతరులతో కలిసి, తేదీతో సహా సమాధానం ఇచ్చారు.

2011లో ధర్మారావు, సంతోష్, వూ అనే శాస్త్రవేత్తలు ఉత్తరాన కనిగిరి దగ్గరి శిలలపై పరిశోధన ప్రచురించారు. అక్కడ వరుస చెదిరిపోయి, రకరకాల శిలల ముక్కలు కలగాపులగంగా ఉన్నాయి. ఇటువంటి సమూహాన్ని మెలాంజ్ అంటారు. దాని వయస్సు సుమారు 133 కోట్ల సంవత్సరాలు. ఈ రెండు వ్యాఖ్యానాలను అంగీకరిస్తే, 50 కోట్ల ఏళ్లకు పైగా ఎడంతో ఒకే అంచున రెండుసార్లు సముద్రపు నేల ఖండానికి అతుక్కుందన్న మాట. ఇప్పటి బంగాళాఖాతానికి ఈ సముద్రాలతో సంబంధం లేదు. భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోయి బంగాళాఖాతం తెరుచుకోవడం మొదలైంది సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితమే.

14.8 పోలిక చాలదు

పచ్చగా, నునుపుగా కనిపించే ప్రతి రాయీ సముద్రపు ముక్క కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దొరికే క్రైసోటైల్ ఆస్‌బెస్టాస్ సర్పెంటైన్ జాతి ఖనిజమే. కాని అది వేంపల్లె డోలమైట్‌లోకి బసాల్ట్ జాతి శిలాద్రవం చొచ్చుకువచ్చిన చోట ఏర్పడింది. ప్రావారంతో దానికి నేరుగా సంబంధం లేదు. అలాగే బొమ్మలకు పేరుపొందిన కొండపల్లి కొండల్లో క్రోమైట్ ఉంది. అది శిలాద్రవపు కొలనులో బరువైన స్ఫటికాలు పొరలు పొరలుగా పేరుకొని ఏర్పడిన శిలాసముదాయంలో భాగం. క్రోమైట్ ఉంది కనుక ఆఫియోలైట్ అనడం, ఒక్క నాణెం దొరికింది కనుక ఇక్కడే టంకశాల ఉండేది అనడం వంటిది.

కాలం వెనక్కు వెళ్లేకొద్దీ ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి. ఫిన్లాండ్‌లోని యోర్ముఆ (సుమారు 195 కోట్ల ఏళ్లు), కెనడాలోని పుర్టునిక్ (సుమారు 200 కోట్ల ఏళ్లు) వంటి కొన్ని చోట్ల ఆధారం బలంగా ఉంది. అంతకంటే పాతవిగా ప్రతిపాదించిన వాటిలో చాలా వాటిపై నేటికీ వివాదం ఉంది. ఆనాటి భూమి ఎక్కువ వేడిగా ఉండేది, సముద్రపు పటలం మరింత మందంగా ఉండి ఉండవచ్చు. 1972 నాటి వరుసను దానిపై అచ్చంగా మోపలేం.

కండ్ర, కనిగిరి వంటి చోట్ల ఉన్న శిలలు విస్తీర్ణంలో చిన్నవి. నిపుణుడు కానివారికి అవి మామూలు నల్లరాళ్లే, కంకరకు పనికివచ్చే రాళ్లే. శాసనం చెక్కిన బండ పగిలితే చరిత్రకు ఎంత నష్టమో, ఇటువంటి శిలలు కంకరైతే అంతే నష్టం. శాసనానికి నకలు దొరకవచ్చు. 185 కోట్ల ఏళ్ల నాటి సముద్రానికి నకలు లేదు.

14.9 సారాంశం

ఆఫియోలైట్ అనే పేరు 1813లో ఒక రాయికి పెట్టినది. స్టైన్‌మన్ నాటికి అది మూడు శిలల కలయిక అయింది. బోవెన్, టటిల్ ప్రయోగాలు ఆ శిలల్లో కొన్ని ఘనరూపంలో వచ్చాయని చూపాయి. సముద్రభూతల విస్తరణ భావన, ట్రూడోస్ డైకులు వాటిని సముద్రపు అడుగుగా గుర్తింపజేశాయి. 1972లో నిర్వచనం ఏర్పడింది, 1973లోనే దానిపై సవాలు వచ్చింది. ఈ 160 ఏళ్లలో రాళ్లు మారలేదు, వాటిని అడిగిన ప్రశ్నలు మారాయి. 1990లో కండ్రను అడిగిన ప్రశ్న ఆ వరుసలోదే. అది అంతటితో ముగియలేదు. ఆ నేల మీద ఇంకా నడవవలసినవారు, కొలవవలసినవారు ఉన్నారు. వారిలో మీరు కూడా ఉండవచ్చు.

14.10 కీలక పదాలు

ప్రావారం: భూపటలానికి కింద, భూకేంద్ర మండలానికి పైన ఉన్న శిలామండలం.
పెరిడోటైట్: ఆలివిన్, పైరాక్సీన్ ప్రధానంగా ఉన్న ప్రావారపు శిల.
సర్పెంటైన్: ఆలివిన్ వంటి ఖనిజాలు నీటితో చర్య జరపగా ఏర్పడే ఖనిజం.
ఆబ్డక్షన్: సముద్రభూతలపు ముక్క ఖండపు అంచు మీదికి ఎక్కడం.
మెలాంజ్: వేర్వేరు మూలాల శిలల ముక్కలు కలగాపులగంగా ఉన్న సమూహం.

14.11 నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆఫియోలైట్ భావన 1813 నుంచి 1972 వరకు ఎలా పరిణమించిందో వివరించండి.
2. కండ్ర శిలలను ఆఫియోలైట్‌గా గుర్తించడంలో వరుస, రసాయన గుణం, వయస్సు అనే మూడు ఆధారాల పాత్రను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గ్రానైట్‌లోని డోలరైట్ డైకుకు, ట్రూడోస్ డైకుల సముదాయానికి తేడా ఏమిటి?
2. మియాషిరో సవాలు ఏమిటి? దాని ఫలితం ఏమిటి?
3. పులివెందుల, కొండపల్లి ఉదాహరణలు మనకు నేర్పే జాగ్రత్త ఏమిటి?

స్వయం ప్రగతి పరీక్ష – 1 సమాధానాలు

అ) అలెగ్జాండర్ బ్రోన్యార్, 1813లో.
ఆ) సర్పెంటైన్ శిల, బసాల్ట్ జాతి లావా, రేడియోలేరియన్ చెర్ట్.
ఇ) సర్పెంటైన్ శిలలు తక్కువ ఉష్ణోగ్రత గల, నీరు కలిసిన శిలాద్రవం నుంచి ఏర్పడ్డాయన్న అభిప్రాయాన్ని.